మోటారు సంగతి వేరు, బ్యాటరీ సంగతి వేరు

2025 సెప్టెంబరు 14, ఆదివారం. వెంట్‌వర్త్‌విల్, సిడ్నీ

ఎలక్ట్రిక్ సైకిల్ డిస్‌ప్లే మీద 21 అనే అంకె వచ్చింది. పెడళ్ల ఇరుసు దగ్గర బిగించే ఈ రకం మోటారు కిట్లు చాలావాటిలో 21 అంటే వేగం సెన్సర్‌కి సంకేతం అందడం లేదని అర్థం. వెనక చక్రం స్పోకుకి బిగించిన చిన్న అయస్కాంతం గుంతల్లో అదిరి పక్కకి జరిగింది. దాన్ని సెన్సర్‌కి ఎదురుగా, కొద్ది మిల్లీమీటర్ల దూరంలోకి తెచ్చి బిగించగానే అంకె పోయింది.

మామూలు సైకిల్‌కి మోటారు బిగించుకున్నవాళ్లు మొదట అలవాటు చేసుకోవాల్సింది ఇదే. బండి ఆగితే మోటారుని అన్నిటికన్నా చివర అనుమానించాలి. ముందు బ్యాటరీ వోల్టేజి, తర్వాత కనెక్టర్లు, బ్రేకు లీవర్‌లోని కటాఫ్ స్విచ్, సెన్సర్లు, కంట్రోలర్, ఆ తర్వాతే మోటారు. బ్రేకు లీవర్ పూర్తిగా వెనక్కి రాకపోయినా చాలు, బ్రేకు పట్టే ఉన్నారనుకుని కంట్రోలర్ కరెంటు ఆపేస్తుంది. అలాంటి బండికి కొత్త మోటారు కొనిపించిన వాళ్లున్నారు. వినగానే ప్రాణం ఉసూరుమంటుంది.

సెప్టెంబరు 23, మంగళవారం

హారిస్ పార్క్‌లో నలుగురితో కలిసి ఉంటున్న ఒంగోలు అబ్బాయి బండి తోసుకుంటూ వచ్చాడు. పగలు మాస్టర్స్ క్లాసులు, రాత్రి ఫుడ్ డెలివరీ. వెనక చక్రంలో హబ్ మోటారు. స్టార్ట్ చేస్తే గుర్రుమంటుంది, వణుకుతుంది, కదలదు.

"అన్నా, మోటారు కాలిపోయినట్టేనా? మా ఊళ్లో బోరు మోటారైతే వైండింగ్‌కి ఇచ్చేవాళ్లం."

"కాలితే వాసనే చెప్పేది తమ్ముడూ. ముందు మీటరు పెట్టి చూద్దాం."

ఈ మోటార్లలో బ్రష్‌లు ఉండవు. అయస్కాంతాలు ఏ క్షణాన ఎక్కడున్నాయో మూడు హాల్ సెన్సర్లు చెబితేనే, మూడు లావు తీగల్లో దేనికి కరెంటు పంపాలో కంట్రోలర్‌కి తెలుస్తుంది. సన్న తీగల్లో ఎరుపుకీ నలుపుకీ మధ్య 5 వోల్టులు రావాలి. చక్రం మెల్లగా తిప్పుతుంటే పసుపు, ఆకుపచ్చ, నీలం తీగలు ఒక్కొక్కటీ సున్నాకీ అయిదుకీ మధ్య మారుతూ ఉండాలి. లోపల గేర్లున్న హబ్ అయితే చక్రాన్ని వెనక్కి తిప్పాలి, ముందుకి తిప్పితే మోటారు కదలదు. ఇతని బండిలో నీలం తీగ అయిదు దగ్గరే నిలిచిపోయింది. కనెక్టర్ విప్పితే పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. వాన నీళ్లు తీగ వెంబడి జారి అందులోకి చేరాయి. పిన్ను శుభ్రం చేసి, తీగని కనెక్టర్ కన్నా కిందికి వంపు తిప్పి కట్టాం. ఇక నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

చక్రం చేత్తో తిప్పితే బరువుగా, తగిలి తగిలి తిరుగుతుంటే ఇంకో పరీక్ష ఉంది. మూడు లావు తీగల్నీ కంట్రోలర్ నుంచి విడదీసి మళ్లీ తిప్పాలి. తేలిగ్గా తిరిగితే కంట్రోలర్‌లో కరెంటుని మళ్లించే మాస్‌ఫెట్ స్విచ్‌లు షార్టయ్యాయి. అప్పటికీ బరువుగానే ఉంటే తప్పు మోటారులోనో దాని తీగలోనో ఉంది. దీనికి మీటరు కూడా అక్కర్లేదు.

వెళ్తూ, "బ్యాటరీ కూడా చూడన్నా, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోతోంది" అన్నాడు. అది ఇవాళ అయ్యే పని కాదు.

అక్టోబరు 5, ఆదివారం

ఈ రోజు నుంచి గడియారాలు గంట ముందుకి. సాయంత్రం వెలుతురు ఉండగానే అతని బ్యాటరీ చూశాను.

48 వోల్టులదంటే లోపల 13 వరసల సెల్స్. నిండా చార్జయితే వరసకి 4.2 చొప్పున 54.6 వోల్టులు. నిలబెట్టినప్పుడు బానే చూపిస్తుంది. ఎత్తు ఎక్కుతుంటే ఒక్కసారిగా పడిపోయి మొత్తం ఆగిపోతుంది, కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్లీ వెలుగుతుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కుంటిదైతే బండి నడక దానిదే. పన్నెండు వరసల్లో దండిగా ఉన్నా, పదమూడోది హద్దు దాటి దిగితే లోపలి బీఎంఎస్ బోర్డు అంతటినీ ఆపేస్తుంది. ఆపడమే దాని ఉద్యోగం. అది మొరాయిస్తోందని బైపాస్ చేసి వైరు వేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయం.

వరసల మధ్య తేడా కొంచెమే అయితే, నిండా చార్జయ్యాక బోర్డే మెల్లగా సరిచేస్తుంది. కానీ అది మళ్లించేది మామూలుగా కొన్ని పదుల మిల్లీఆంపియర్లే కాబట్టి గంటలు పడుతుంది. ఆ పని పగలు, మనం మెలకువగా ఉన్నప్పుడు జరగాలి. అలా చేసినా అతనిది మారలేదు. వరసే చచ్చింది.

"విప్పి ఆ సెల్స్ మాత్రం మార్చలేమా అన్నా?"

కుదరదన్నాను. మోటారు ఎంతైనా విప్పుతాను. పళ్లచక్రం అరిగితే మారుస్తాను, బేరింగ్ కొడతాను. తప్పు జరిగితే ఆగిపోతుంది, అంతే. బ్యాటరీలో అరిగిన సెల్స్ పక్కన కొత్తవి వెల్డ్ చేస్తే తప్పు ఆ రోజు కనపడదు. నెలల తర్వాత ఓ రాత్రి, వేరేవాళ్లు నిద్రపోయే గదిలో కనపడుతుంది.

అక్టోబరు 20, సోమవారం. దీపావళి

అమ్మ ఫోన్లో, "ఆ బ్యాటరీ ఇంట్లో పెట్టుకోకు నాయనా" అంది. ఆవిడకి 2022 గుర్తుంది. ఆ ఏప్రిల్‌లో వారం తిరక్కుండానే నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు రేగాయి. పొగ పై అంతస్తులకి ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఏడాదే కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనల్ని బిగించింది.

ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్‌ని అంటిస్తుంది. ఊదితేనో దుప్పటి కప్పితేనో ఆగేది కాదు. పొగ విషం. హారిస్ పార్క్ యూనిట్లలో బ్యాటరీని వీధి తలుపు పక్కన చార్జింగ్ పెడతారు, ప్లగ్ అక్కడే ఉంటుంది కాబట్టి. అంటుకుంటే బయటపడే దారి అదొక్కటే. ఇవాళ అబ్బాయిల గదికి స్వీట్లు పట్టుకెళ్లాను. ఆ ప్లగ్ దగ్గర నుంచి చార్జర్ తీయించి వెనక బాల్కనీ వైపు పెట్టించాను. స్మోక్ అలారం నొక్కి మోగిస్తే గాని స్వీట్ డబ్బా తెరవలేదు.

నవంబరు 1, శనివారం

ఇవాళ్టి నుంచి న్యూ సౌత్ వేల్స్‌లో, మామూలుగా కొని తర్వాత మోటారు బిగించిన సైకిళ్లని సిడ్నీ ట్రైన్లలో, మెట్రోలో ఎక్కనివ్వరు. ఎక్కిస్తే జరిమానా 400 డాలర్లు, కోర్టుకెళ్తే 1,100 దాకా. ఫ్యాక్టరీలోనే ఎలక్ట్రిక్‌గా తయారైన సైకిళ్లకి ఈ నిషేధం లేదు. ఈ మార్చిలో మెల్‌బోర్న్ బ్లాక్‌బర్న్ స్టేషన్‌లో రైల్లోనే ఈ-బైక్ అంటుకుంది. మార్చి 31 నుంచి లండన్ నగర రవాణా సంస్థ రైళ్లలో మడత పెట్టలేని ఈ-బైకులన్నిటినీ ఆపేశారు. సొరంగంలో అలాంటి మంట లేస్తే జనం ఎటు పోతారు? అందుకే ఈ రూలు తప్పనలేను.

కానీ బరువు ఎవరి మీద పడిందో కూడా చూడాలి. బ్లాక్‌టౌన్ నుంచి సిటీకి ట్రైన్లో బండి తీసుకెళ్లి, అర్ధరాత్రి దాకా డెలివరీలు చేసే పిల్లల మీద పడింది. మంచి బ్యాటరీ ధర వాళ్ల వారం సంపాదన కన్నా ఎక్కువ. బ్యాటరీ పట్టుకెళ్తే పరీక్ష చేసి, పాడైందైతే తీసుకుని, మంచిది తక్కువ ధరకో వాయిదాల మీదో ఇచ్చే చోటు ఊరూరా ఉండాలి. రూలుతో పాటే అది రావాల్సింది.

నవంబరు 8, శనివారం

హబ్ మోటారుకి ఇరుసు తిరక్కుండా పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ తప్పదు. అది లేకపోతే ఇరుసు ఎదురు తిరిగి ఫోర్కు గాడిని చీల్చేస్తుంది. అల్యూమినియం ఫోర్కయితే హెచ్చరిక కూడా ఉండదు.

నవంబరు 23, ఆదివారం

పారమట్టా నది వెంబడి వస్తూ ఆలోచించాను. చక్రంలోనే మోటారు పెట్టడంలో ఆస్ట్రేలియాకి గొప్ప చరిత్ర ఉంది. డార్విన్ నుంచి అడిలైడ్ దాకా 3,000 కిలోమీటర్ల సౌర కార్ల పందెం కోసం ఇక్కడి జాతీయ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ, సిడ్నీలోని యూటీఎస్ విశ్వవిద్యాలయం కలిసి చక్రంలో ఇమిడే మోటారు తయారు చేశాయి. తీసుకున్న కరెంటులో సుమారు 98 శాతం చక్రానికి ఇచ్చేది. 1999లో అరోరా అనే ఆస్ట్రేలియా కారు ఆ పందెంలో దానితోనే గెలిచింది.

డిసెంబరు 7, ఆదివారం

ఒంగోలు అబ్బాయికి ఎవరో పాత చార్జర్ ఊరికే ఇచ్చారు. ప్లగ్ సరిగ్గా పట్టింది. వెనక స్టిక్కర్ చదివితే 58.8 వోల్టులు. అది 14 వరసల బ్యాటరీది. 13 వరసలకి పెడితే ఒక్కో వరసకి 4.5 దాటుతుంది, మధ్యలో అడ్డుండేది ఆ బీఎంఎస్ బోర్డు ఒక్కటే. ప్లగ్గులు ఒకేలా ఉండటం ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద లోపం. అందరి చార్జర్ల మీదా, బ్యాటరీల మీదా తెల్ల టేపు వేసి పెద్ద అంకెలు రాయించాను.

2026 జనవరి 4, ఆదివారం

2020లో ఇదే రోజున పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. చాలా లిథియం సెల్స్‌ని 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకూడదు. రేకుల గ్యారేజీలో మధ్యాహ్నం ఆ హద్దు దాటడానికి పెద్ద ఎండ కూడా అక్కర్లేదు. జనవరిలో నా చార్జింగ్ పొద్దున్నే, తలుపు తీసి. ఎండలోంచి వచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చాకే.

జనవరి 9, శుక్రవారం

సంక్రాంతికి రేపు ఇంటికి ప్రయాణం. విమానంలో 100 వాట్-అవర్లు దాటిన బ్యాటరీకి అనుమతి అడగాలి, 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. నాది 600 పైనే. ఇక్కడే ఉంటుంది, 49 వోల్టుల దగ్గర. నిండుగా వదిలినా, ఖాళీగా వదిలినా సెల్స్ త్వరగా ముసలివవుతాయి.

ఒంగోలు అబ్బాయి ఇంటి వెనక చచ్చిన బ్యాటరీ ఇంకా ఉంది. టెర్మినళ్లకి ఇన్సులేషన్ టేపు చుట్టి, ఇసుక పోసిన ఇనప బకెట్‌లో పెట్టించాను. మామూలు చెత్త వేసే ఎర్ర మూత డబ్బాలో వేస్తే చెత్త లారీలో నలిగి అంటుకుంటుంది. ఎక్కడ అప్పగించాలో అడగడానికి కౌన్సిల్ నంబర్ రాసిచ్చాను. సోమవారం పొద్దున క్లాసుకి ముందే చేస్తానన్నాడు.