చూసినది, చూపినది

ఔత్సాహిక ఛాయాగ్రాహకుడు తన చిత్రాన్ని తాను సరిగా చూడలేడు. అది అతని చేతకానితనం కాదు. ఆ కళ స్వభావంలోనే ఉన్న ఇబ్బంది. తెల్లవారుజామున లేచి, నాలుగు మైళ్ళు నడిచి, మంచులో గంటసేపు నిలబడి తీసిన చిత్రంలో అతనికి ఆ నడకా, ఆ చలీ, మబ్బు విడిపోయిన క్షణమూ అన్నీ కనిపిస్తాయి. ఎదుటివారికి మాత్రం కాగితం మీద ఉన్నంతే కనిపిస్తుంది. చూసినది వేరు, చూపినది వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని కొలిచి చెప్పగలవాడు స్నేహితుడొక్కడే. అపరిచితుడికి ఆ శ్రమతో పనిలేదు. పోటీలో న్యాయనిర్ణేతకు అంత వ్యవధి ఉండదు. ఇంటివారికి అభిమానం అడ్డు వస్తుంది.

ఈ అవసరాన్ని తొలితరం వారే గుర్తించారు. ఛాయాగ్రహణ ప్రక్రియ 1839లో లోకానికి వెల్లడి కాగా, పదిహేనేళ్ళలోనే, అంటే 1854లో, బొంబాయిలో ఛాయాగ్రాహకుల సంఘం ఏర్పడింది. 1856లో కలకత్తాలో బెంగాల్ ఛాయాగ్రహణ సంఘం వెలసింది. ఆ దశకంలోనే మద్రాసులోనూ అటువంటి సంఘం పుట్టింది. ఆనాటి సభ్యులకు పరస్పర సలహా విలాసం కాదు, అత్యవసరం. తడి కొలోడియన్ పూసిన గాజుపలకను ఆరిపోకముందే కెమెరాలో పెట్టి, ఆరిపోకముందే రసాయనంలో ముంచాలి. శీతల దేశాల్లో రాసిన పుస్తకాలు ఈ దేశపు ఎండకు జవాబు చెప్పలేవు. పక్క ఊరి మిత్రుడి అనుభవమే చెప్పాలి.

అయితే చిత్రాన్ని గురించి నిజం చెప్పుకొనే చోట మనిషిని గురించి కూడా నిజం చెప్పుకోవచ్చునా? ఈ ప్రశ్న కలకత్తా సంఘానికి రెండేళ్ళు తిరక్కుండానే ఎదురైంది. భారతీయ పురాతత్త్వ పరిశోధనకు ఆద్యులలో ఒకరైన రాజేంద్రలాల్ మిత్ర ఆ సంఘానికి కోశాధికారి. 1857లో ఆయన కలకత్తా టౌన్‌హాలు సభలో, తెల్లవారైన నీలిమందు తోటల యజమానులు రైతులపై సాగిస్తున్న దౌర్జన్యాన్ని ఖండించారు. ఆ ప్రసంగానికీ ఛాయాచిత్రాలకూ ఏ సంబంధమూ లేదు. అయినా సంఘం ఆయనను వెలివేసింది. ఆయనతోపాటు కొందరు భారతీయ సభ్యులూ బయటికి నడిచారు. ఒకే బల్ల చుట్టూ కూర్చున్నంత మాత్రాన సమానులైపోరని, సమానత్వం లేనిచోట స్నేహపూర్వక విమర్శకు నిలువనీడ ఉండదని ఆ ఉదంతం చెబుతుంది.

స్వాతంత్ర్యానంతరం 1953లో అఖిల భారత స్థాయిలో ఛాయాగ్రహణ సమాఖ్య ఏర్పడింది. క్రమంగా జిల్లా పట్టణాల్లోనూ చిన్న చిన్న సంఘాలు తలెత్తాయి. ఉదకమండలంలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్మూ, ప్రింటు కాగితమూ అందుబాటులోకి రావడంతో, బ్యాంకు ఉద్యోగులు, అధ్యాపకులు, వైద్యులు స్నానాల గదుల కిటికీలకు నల్లగుడ్డ కట్టి చీకటిగదులుగా మార్చుకున్నారు. రాజమహేంద్రవరంలో అలాంటి సంఘం ఒకటి నెలకొక ఆదివారం ఇన్నీసుపేటలోని ఒక స్టూడియో మేడమీది గదిలో సమావేశమయ్యేది. పదిహేనుమందికి మించని సభ్యులు. వారికి పెద్దదిక్కు పదవీ విరమణ చేసిన ఒక డ్రాయింగు మాస్టారు.

ఆ సంఘానికి రాతలో లేని నియమం ఒకటుండేది. చిత్రాన్ని బల్లమీద పెట్టాక, అందులో తమకేమి కనబడుతున్నదో అందరూ చెప్పేవరకు, తీసినవారు నోరు విప్పకూడదు. బాగుందనీ బాగాలేదనీ ఎవరూ ముందుగా అనకూడదు. మాస్టారు సంచిలోనుంచి ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు నల్లని అట్టముక్కలు తీసి ప్రింటు మీద పెట్టి, మెల్లగా జరిపేవారు. ఆ అట్టల చట్రం దగ్గరపడేకొద్దీ అనవసరమైన కరెంటు స్తంభమో, సగం తెగిన మనిషో చిత్రంలోనుంచి నిష్క్రమించేది. ఆయన ఒక్క మాటా అనేవారు కాదు. తీసినవాడే “అవునండీ” అనేవాడు. తన తప్పును తానే కనిపెట్టానన్న తృప్తి అతనికి మిగిలేది.

ఆ సంఘంలోకి 1990లో ఒక అధికారి చేరారు. ఆయన కార్యాలయంలోనే జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న యువకుడు అప్పటికే అందులో సభ్యుడు. మెట్లెక్కి చెప్పులు బయట విడిచిన తరువాత హోదాలు ఉండవని సంఘం భావన. అయినా ఆ యువకుడికి “సార్” అనే అలవాటు పోలేదు. ఆయనకు వినడం మానడమూ సాధ్యం కాలేదు.

ఆ ఏడాది చలికాలంలో యువకుడు ఒక ప్రింటు తెచ్చాడు. అరువు తెచ్చుకొన్న యాషికా కెమెరాతో తీసినది. పొగచూరిన వంటింట్లో తల్లి ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతోంది. ఆమె ముఖమూ, చేయీ, పక్కనున్న రోలూ అన్నీ కొద్దిగా చెదిరి ఉన్నాయి. సభ్యులింకా చూస్తుండగానే అధికారి అలవాటు చొప్పున తేల్చేశారు: “కదిలింది. ప్రదర్శనకు పనికిరాదు.” అందులో అసత్యం లేదు. యువకుడు ప్రింటును కవరులో పెట్టుకొన్నాడు. తరువాతి నెల అతడు రాలేదు. ఆ పై నెలా రాలేదు.

సమావేశం ముగిశాక ఒకనాడు మాస్టారు ఆయనను గోదావరి గట్టుకు నడిపించుకు వెళ్ళారు. నలుగురిలో చెప్పని మాట అక్కడ చెప్పారు.

“మీరన్నది తప్పు కాదండీ. బొమ్మ కదిలింది. కానీ మీరు బొమ్మ చూడలేదు, ఫైలు చూశారు. ఫైలయితే రాసి కింద సంతకం పెడితే సరిపోతుంది. ఆ కుర్రాడు ఎంత వేగంలో తీశాడో అడిగారా? ఎనిమిదో వంతు సెకను. ఆ చీకట్లో అంతకంటే వేగం కుదరదు. చేత్తో పట్టుకుంటే ఎవరి చెయ్యయినా కదులుతుంది. పక్కనే రోలుంది కదా, బొమ్మలోనే కనబడుతోంది. కెమెరా దానిమీద పెట్టి తియ్యవయ్యా, అమ్మని ఒక్క క్షణం ఊపిరి బిగబట్టమను అంటే పోయేది. వాడు పరుగెత్తుకెళ్ళి ఆ రాత్రే తీసేవాడు.”

అధికారి చాలాసేపు మాట్లాడలేదు. మంచి సలహాకు కావలసిన సరంజామా అంతా ఆ చిత్రంలోనే ఉన్నది. తాను దానివంక చూడలేదు. మరునాడు కార్యాలయంలో ఆ యువకుడి బల్ల దగ్గర ఆగారు. అతడు వెంటనే లేచి నిలబడ్డాడు. నిలబడినవాడికి క్షమాపణ చెప్పడం ఆదేశం ఇచ్చినట్లే ఉంటుందని తోచి, ఏదో ఫైలు అడిగి వెళ్ళిపోయారు. ఆదివారం నాడు ఇల్లు వెదుక్కొంటూ వెళ్ళారు. యువకుడి తల్లి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. వంటిల్లు చూపమని ఆయన అడిగినప్పుడు ఆమె నవ్వింది: “అందులో చూడ్డానికేవుందండీ, మసి తప్ప.” ఆయన గడపలో నిలబడి కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా చూశారు. రోలు పొయ్యికి బారెడు దూరంలో ఉంది. “కెమెరా దీనిమీద పెట్టి చూడవయ్యా” అన్నారు. క్షమాపణ అన్న మాట ఆయన నోట రాలేదు. యువకుడు మరుసటి నెల సమావేశానికి వచ్చాడు.

సలహా ఇవ్వడం అంతమాత్రం నేర్చుకోవచ్చు. పుచ్చుకోవడం కష్టం. అది ఆయనకు 1991లో అనుభవానికి వచ్చింది.

ఆ సంవత్సరం గోదావరి పుష్కరాలు. లక్షలాది జనం స్నానఘట్టాలకు తరలివచ్చారు. అధికారికి ఒక రేవు దగ్గర ఏర్పాట్ల విధి. ఛాతీమీద డ్యూటీ బ్యాడ్జీ, భుజాన కెమెరా. ఒకనాటి ఉదయం, పిండప్రదానాలు జరిగేచోట, పదేళ్ళ పిల్లవాడు వేలికి దర్భ పవిత్రంతో మోకాలిలోతు నీటిలో నిలబడి తండ్రికి పిండం వదులుతున్నాడు. వెనుక అతని నాయనమ్మ తడిచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. ఎదురెండ నీటిమీద పడి ఇద్దరి అంచులనూ వెలిగిస్తోంది. ఆయన దగ్గరగా వెళ్ళి వరుసగా ఏడు చిత్రాలు తీశారు.

సంఘంలో ఆ ప్రింటు పెట్టినప్పుడు గది నిశ్శబ్దమైంది. వెలుగునీడల పొందిక, నీటి మెరుపు, ఇద్దరి నడుమ ఉన్న ఖాళీ, ఒక్కొక్కరే చెప్పారు. జాతీయ ప్రదర్శనకు పంపవలసిందేనని అందరూ అన్నారు. మాస్టారు అట్టముక్కలు తీయలేదు. ప్రింటుమీదకు వంగి కుడివైపు కింది మూలను చూపి, నియమం పక్కనపెట్టి తీసినవారినే అడిగారు: “ఇక్కడ ఇంత నలుపెందుకు వచ్చిందండీ?”

ఎన్‌లార్జరు కింద ఆ మూలకు అదనంగా వెలుగునిచ్చి నలుపు చేశానని అధికారి చెప్పారు. అక్కడ జనాన్ని ఆపడానికి కట్టిన తాడు ఉంది. అది కూర్పును చెడగొడుతోంది. ఇది చీకటిగదిలో అందరూ చేసేదే. అందరూ తల ఊపారు.

అప్పటిదాకా మాట్లాడని యువకుడు తటపటాయిస్తూ అన్నాడు: “తాడు ఇవతల మేమూ ఉన్నామండీ ఆ రోజు. మమ్మల్ని అటు రానివ్వలేదు. ఆవిడ దగ్గరకి అంత దగ్గరగా... బ్యాడ్జీ ఉంటేనే వెళ్ళగలరు కదండీ. ఆవిడ కూడా ఆఫీసరుగారని ఏమీ అనలేదేమోనండీ, సార్.”

ఆ మాట వెనక్కి తీసుకొనేందుకు అతనికి ఎవరూ అవకాశం ఇవ్వలేదు. ఆ రోజుల్లో ఒక జూనియర్ అసిస్టెంటు తన అధికారితో, పదిమంది ముందు, అంతమాట అనడం చిన్న సంగతి కాదు. రహస్య నివేదిక రాసే చెయ్యి ఎదుటనే ఉంది. అధికారి ముఖం ఎర్రబడింది. ప్రింటు తీసి కవరులో పెట్టుకొని, టీ తాగకుండానే మెట్లు దిగారు. ఆయన ఇక రారని కొందరు నిశ్చయించారు. యువకుడికి బదిలీ తప్పదని మరికొందరు భయపడ్డారు.

తరువాతి నెల ఆయన అందరికంటే ముందుగా వచ్చి కూర్చొని ఉన్నారు. బల్లమీద ఉన్నది ప్రింటు కాదు. ఆ రీలు మొత్తాన్నీ చిన్న చిన్న గళ్ళలో చూపే కాంటాక్టు షీటు. పక్కన ఒక భూతద్దం. ఒక్కొక్కరే వంగి చూశారు. ఆ ఏడు గళ్ళలో మొదటి నాలుగింటిలో నాయనమ్మకు కెమెరా సంగతి తెలియదు. ఐదోది ప్రదర్శనకు ఎంచుకొన్న చిత్రం. ఆరోదానిలో ఆమె ఇటు చూస్తోంది. ఏడోదానిలో కొంగు నోటిమీద లేదు. ఆమె దాన్ని చాపి మనుమడికీ కెమెరాకూ నడుమ తెరలాగా పట్టుకొంది. రేవులో ఆయన ఇవన్నీ చూశారు. చూసీ, ఐదోదానినే చూపారు.

“నువ్వు అడిగినదానికి జవాబు ఇందులో ఉందయ్యా” అని మాత్రం ఆయన యువకుడితో అన్నారు. ఎవరూ వ్యాఖ్యానించలేదు. మాస్టారు భూతద్దాన్ని మడిచి ఆయనకు అందించారు. ఆ చిత్రం ప్రదర్శనకు వెళ్ళలేదు. ఆయన తాడును చెరపకుండా మరొక ప్రింటు వేసి, తనవద్దనే ఉంచుకొన్నారు. మంచి చిత్రం వృథా అయిందని బాధపడినవారు ఆ సంఘంలో లేకపోలేదు. బహుమతి తప్పక వచ్చేదని కొందరు ఆ తరువాత కూడా వాదించేవారు. యువకుడి బదిలీ మామూలు వరుసలో, మూడేళ్ళ తరువాతే జరిగింది.

స్నేహపూర్వక విమర్శ అంటే తీపిపూత పూసిన మాట అని సాధారణ అభిప్రాయం. ముందు రెండు మెచ్చుకోళ్ళు, నడుమ ఒక ఆక్షేపణ, చివర మరొక మెచ్చుకోలు అనే సూత్రం శిక్షణ తరగతుల్లో వినిపిస్తుంది. పైన చెప్పిన ఉదంతాలలో అటువంటిదేదీ లేదు. వాటిలో ఉన్నది చూపు. వంటింటి చిత్రం మీద అధికారి అన్నది నిజమే, కానీ దానిలో చూపు లేదు. అందుకే అది గాయపరచింది తప్ప దారి చూపలేదు. పుష్కరాల చిత్రం మీద యువకుడు అన్నది అంతకంటే పదునైన మాట. కానీ అతడు నల్లబడిన ఆ మూలను నిజంగా చూశాడు, తాడుకు ఇవతల నిలబడి చూశాడు. ఆ మాటను స్వీకరించడానికి అధికారికి ఒక నెల పట్టింది. ఆ నెలరోజుల వ్యవధి ఇవ్వడం కూడా స్నేహమే. ఆ మధ్యలో ఎవరూ ఆయన ఇంటికి వెళ్ళి సమాధానపరచలేదు, యువకుడి చేత క్షమాపణ చెప్పించలేదు.

ఆ నాటి సామగ్రి ఇప్పుడు లేదు. ఉదకమండలం కర్మాగారం మూతపడింది. చీకటిగదులు మళ్ళీ స్నానాల గదులైపోయాయి. మాస్టారు కాలం చేశారు. చిత్రం చేతిలోని ఫోనులో క్షణంలో సిద్ధమై, క్షణంలో పదిమందికి చేరి, క్షణంలో మెప్పు తెచ్చుకొంటోంది. మూలలను నల్లబరచడం మునుపటికంటే తేలిక. తాడును పూర్తిగా తుడిచివేయడమూ తేలికే. తాడు ఎక్కడుండేదని అడిగేవాడు ఎదుట కూర్చొని ఉండడం మాత్రం తేలిక కాలేదు.

యువకుడు తన తల్లి చిత్రాన్ని రోలుమీద కెమెరా ఉంచి మళ్ళీ తీశాడు. పొయ్యి వెలుగు ముఖంమీద నిలిచింది, మసి కూడా స్పష్టంగా వచ్చింది. అది సంఘం ముందుకు వచ్చిన రోజున, ఆమెకు ఈ బొమ్మ చూపించావా అని మొట్టమొదట అడిగినవారు ఆ అధికారే.