అరకు కొండదారిలో సైకిలు యాత్ర



"డెబ్బై దాటిన తరువాత సైకిలు తొక్కవచ్చా డాక్టరుగారూ?" అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. తొక్కవచ్చు. నాకు 73 సంవత్సరాలు, నేను తొక్కుతున్నాను. అయితే ఎవరు, ఎక్కడ, ఏ సన్నాహంతో అన్నది తేల్చుకోకుండా ఎక్కకూడదు. గత నవంబరులో పదకొండు మందితో కలిసి నేను అరకు లోయలో చేసిన యాత్రను గురించి చెబుతాను.

ఇటువంటి గైడు యాత్రలకు జపాను పల్లెలు పేరుపొందాయి. ఒనోమిచి నుంచి ఇమాబరి వరకు దీవులను వంతెనలతో కలుపుతూ సాగే షిమనామి కైడో అనే దారి సుమారు 70 కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు అంచున గీసిన నీలిగీతను పట్టుకొని పోతే చాలు, దారి తప్పరు. అరకులో నీలిగీత లేదు. లారీలు, ఆర్టీసీ బస్సులు, సరిగ్గా మలుపులోనే నిలబడే ఆవులు ఉన్నాయి. కాబట్టి ముందు స్థానికుడైన గైడు, వెనక ఒక వ్యాను లేకుండా పెద్దవయసువారు ఈ దారిలోకి రావద్దని నా సలహా.

సైకిళ్లను వ్యానులో పంపి మేము రైలులో వెళ్లాము. ఆ కొత్తవలస–కిరందుల్ మార్గాన్ని 1960లలో నిర్మించింది మనవంటి విహారయాత్రికుల కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి. జపాను ఉక్కు కర్మాగారాల కోసం తొలిచిన సొరంగాల గుండా మన పిల్లలు కేరింతలు కొడుతూ పోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇక సన్నాహం. నేను మూడు నెలల ముందు మొదలుపెట్టాను. వారానికి ఐదు రోజులు, రోజుకు నలభై నిమిషాలు విశాఖ బీచ్ రోడ్డులో తొక్కాను. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్కకు ఇది సరిపోతుంది. సైకిలు మీద శరీరభారం సీటు మోస్తుంది కనుక మోకాళ్లకు పరుగుకంటే సుఖం. అయితే అదే కారణం వలన ఎముకల పుష్టికి సైకిలు అంతగా ఉపకరించదు, నడక మానకూడదు. సీటు ఎత్తు ముఖ్యం. పెడలు పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే రెండు రోజులలో మోకాలిచిప్ప వద్ద నొప్పి మొదలవుతుంది.

నాడి ఎంతవరకు పెరగవచ్చునని చాలామంది చేతి గడియారం చూసుకుంటారు. రక్తపోటుకు బీటా బ్లాకరు మాత్రలు వాడేవారికి ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే మందు నాడిని పెరగనివ్వదు. ఎవరికైనా ఉపయోగపడే కొలత మాట. తొక్కుతూ పక్కవారితో వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకు ఒకసారి ఊపిరి తీసుకోవలసి వస్తే వేగం తగ్గించాలి. నేను ఎత్తుల వద్ద బ్యాటరీ సాయం ఉన్న సైకిలు వాడాను. అందులో నామోషీ ఏమీ లేదు.

మొదటి రోజు డుంబ్రిగుడ మీదుగా చాపరాయి వరకు వెళ్లాము. లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆరోగ్యవంతులకు ఆ ఎత్తు వలన ఊపిరి ఇబ్బంది ఉండదు, చలి మాత్రం గట్టిగానే ఉంటుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. అందువలన పొగమంచు విడిచి ఎండ వచ్చిన తరువాతనే బయలుదేరాలని నేను పట్టుబట్టాను, కుర్రవాళ్లు విసుక్కున్నారు. దారి పొడవునా వలిసె పూల పసుపు. వాలులలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యాహ్నం మా గైడు చోడి అంబలి తెప్పించాడు. చెమటపట్టి దిగిన మనిషికి, కాస్త ఉప్పు వేసిన పలుచని అంబలిని మించిన పానీయం ఏ దుకాణంలోనూ దొరకదు.

రెండవ రోజు సుంకరమెట్ట దాటి గాలికొండ ఎక్కవలసి ఉంది. మా బృందంలో బ్యాంకులో పదవీ విరమణ చేసిన 66 సంవత్సరాల మిత్రుడొకరు ఉన్నారు. పదిహేనేళ్లుగా మధుమేహం. ప్రయాణానికి వైద్యుని ధ్రువపత్రం అడిగితే, తెలిసిన డాక్టరు దగ్గర సంతకం పెట్టించుకొని వచ్చారు. ట్రెడ్‌మిల్లు పరీక్ష గాని మరొకటి గాని జరగలేదు. ఎత్తు సగం ఎక్కేసరికి ఆయన మాట ఆగిపోయింది. అంతకు ముందు రోజంతా ఆయన నోరు మూయలేదు, అందువలన నాకు వెంటనే తెలిసింది. ఆపి అడిగితే "ఏమీ లేదండీ, ఉదయం తిన్న పూరీ. గ్యాస్" అన్నారు. గుండెల్లో నొప్పి ఉన్నదా అంటే లేదన్నారు. దవడ కింద లాగుతున్నట్టు ఉన్నదని, ఎడమచేయి బరువుగా ఉన్నదని చెప్పారు. ముఖానికి చల్లని చెమట.

నలభై ఏళ్ల సర్వీసులో ఈ "గ్యాస్" అనే మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారికి నరాలు మొద్దుబారి, గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. ఆయాసం, చెమట, దవడ లేదా చేయి బరువు, వాంతి వచ్చేట్లుండడం, ఇవే దాని భాష. శ్రమపడినప్పుడు మొదలై, ఆగితే తగ్గినట్టు కనిపించే అసౌకర్యం ఏదైనా సరే, అది పొట్టలోనిదని రుజువయ్యేవరకు గుండెదేనని భావించాలి. సోడా తాగి చూద్దామని ఎదురుచూడకూడదు.

ఆయనను వ్యాను ఎక్కించాము. ఆస్పిరిన్ పడదని గాని, రక్తస్రావం అయ్యే జబ్బు ఉందని గాని గతంలో లేదని నిర్ధారించుకొని, 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించాను. నేనూ ఎక్కి కూర్చున్నాను. నా సైకిలు యాత్ర అక్కడితో ముగిసింది. గాలికొండ నుంచి అనంతగిరి మీదుగా దిగే ఆ వాలు కోసమే నేను మూడు నెలలు ఎదురుచూశాను. దానిని వ్యాను కిటికీలోంచి, ఒక మనిషి నాడి పట్టుకొని చూశాను. దారిలోని ప్రభుత్వ ఆసుపత్రిలో తీసిన మొదటి ఇ.సి.జి.లో పెద్ద తేడా కనిపించలేదు. మిత్రుడు గెలిచినట్టు నా వైపు చూశారు. మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నంతమాత్రాన గుండెపోటు లేదని కాదు. అక్కడి యువ వైద్యురాలికీ ఆ సంగతి తెలుసు. ఆమె ఆలస్యం చేయకుండా అంబులెన్సులో విశాఖకు పంపింది. అక్కడ రక్తంలో ట్రోపోనిన్ పెరిగి ఉన్నది. మరునాడు ఉదయం యాంజియోగ్రాంలో ముఖ్యమైన నాళం ఒకటి దాదాపుగా మూసుకొని కనిపించింది, స్టెంటు వేశారు.

మా గైడు ఆసుపత్రి వరకు మాతో వచ్చాడు. డుంబ్రిగుడ వైపు కొండమీది గూడేనికి చెందిన యువకుడు. అంబులెన్సు వెళ్లబోయేముందు నాతో మెల్లగా అన్నాడు: "మా ఊరికి బండి రాదు బాబూ. మా అమ్మకి నొప్పులొచ్చినప్పుడు డోలీ కట్టి మోసుకొచ్చారు. నేను దారిలోనే పుట్టాను."

1980లలో ఈ ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను పనిచేశాను. కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు భుజాన మోసుకొచ్చిన డోలీలను ఎన్నింటినో దింపించాను. మెదడుకు సోకిన మలేరియాతో వణుకుతున్న పిల్లలు, బిడ్డ అడ్డం తిరిగిన గర్భిణులు, సికిల్ సెల్ నొప్పులతో మెలికలు తిరిగే యువకులు. ఇప్పుడు 108 ఉన్నది, ఇరుకుదారులకు బైకు అంబులెన్సులు వచ్చాయి. అయినా చక్రం తిరగని చోట మనిషి భుజమే గతి. మా మిత్రుని వెనక వ్యాను వచ్చింది, దానికి మేము డబ్బు చెల్లించాము. అదే కొండమీద, అదే గుండె ఉన్న మరొక మనిషి వెనక ఏమి వస్తున్నది?

మిత్రుడు ఇప్పుడు బాగున్నారు. ఆరు వారాల పాటు వైద్యుల పర్యవేక్షణలో నడక, తరువాత మెల్లగా సైకిలు, అదీ సమతల నేలమీద. గాలికొండకు మళ్లీ ఎప్పుడని అడుగుతున్నారు. ట్రెడ్‌మిల్లు ఫలితం చూపించిన తరువాత మాట్లాడదామన్నాను.

గైడు మొన్న ఫోను చేశాడు. వాళ్ల కొండదారికి కంకర పడిందట, ఇంకా రెండు కిలోమీటర్లు మిగిలిందట. వాళ్ల వదినకు శ్రావణంలో నెలలు నిండుతాయి. అప్పటికి వాగు పొంగుతుంది. కాన్పుకు ముందుగానే గర్భిణులను ఉంచుకొనే వసతి గృహం సంగతి చెప్పి, ఆషాఢం చివరికే తీసుకొని రమ్మన్నాను. ఇంట్లో అత్తగారు ఒప్పుకోవాలి, మీరే ఒకసారి మాట్లాడండి బాబూ అన్నాడు. ఆదివారం ఆమె సంతకు దిగుతుందట. అప్పుడు ఫోను ఇవ్వమన్నాను.