ఆకలి వెనకున్న అవసరం

ఇక్కడ డాలస్‌లో జనవరి వచ్చిందంటే చాలా చర్చిల్లో ‘దానియేలు ఉపవాసం’ మొదలవుతుంది. 21 రోజులు మాంసం, మిఠాయిలు మానేసి కూరగాయలు, పప్పులు, పండ్లతో గడుపుతారు. మా ఆఫీసులో పనిచేసే ఇథియోపియా ఆవిడ ఈస్టరుకు ముందు 55 రోజులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. మన తెలుగు కూటంలోనేమో శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్లు కూడా తాగనివాళ్లున్నారు. ‘ఇందులో అసలైన ఉపవాసం ఏదంకుల్?’ అని చదువుకోవడానికి కొత్తగా వచ్చిన కుర్రాడు అడిగాడు.

బైబిల్లో అందరికీ ఒకే కొలత లేదు. ఒక్కొక్కరిని ఒక్కో అవసరం తరిమింది. పిలవకుండా రాజు ముందుకెళ్తే ప్రాణం పోవచ్చు కనుక, ఎస్తేరు తన ప్రజలతో కలిసి 3 రోజులు అన్నం, నీళ్లు మానేసింది. దానియేలు మూడు వారాలు దుఃఖంలో ఉండి రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం వదిలాడు. అతను 10 రోజులు కూరగాయలూ నీళ్లతో ఉన్న సంగతి వేరు. అది రాజు భోజనంతో అపవిత్రం కాకూడదని చేసింది. ఇక్కడివాళ్లు ఆ రెండూ కలిపేశారు. మోషే 40 రోజులు నీళ్లు సైతం లేకుండా కొండమీద ఉన్నాడు. మనల్నీ అలా ఉండమని ఎక్కడా చెప్పలేదు. షుగరు మందులు వాడే మన పెద్దవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

నన్ను ఎక్కువగా కదిలించేది దావీదు ఉపవాసం. బిడ్డకు జబ్బు చేస్తే నేలమీద పడి వేడుకున్నాడు. ఇంటి పెద్దలు లేపబోయినా లేవలేదు, తినలేదు. ఏడో రోజున బిడ్డ పోయాడు. ఆ సంగతి చెప్పడానికే సేవకులు భయపడ్డారు. తెలిశాక దావీదు లేచి, స్నానం చేసి, దేవుని మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికొచ్చి భోజనం అడిగాడు. చావు ఇంట్లో పొయ్యి వెలిగించని మనకు ఇది వింతగా ఉంటుంది. బిడ్డ బతికి ఉండగా దేవుడు కనికరిస్తాడేమోనన్న ఆశతోనే పస్తున్నాడాయన. ఆ ఆశ పోయాక పస్తుండి ఏం లాభమని తనే అన్నాడు.

యెషయా 58వ అధ్యాయం మాత్రం ఉపవాసమున్న ప్రతివాణ్నీ నిలదీస్తుంది. పనివాళ్లను పీడిస్తూ ఉండే పస్తు దేవుడికి అక్కర్లేదంటుంది. ఆకలిగా ఉన్నవాడికి నీ అన్నం పెట్టు, నిలువనీడ లేనివాణ్ని ఇంట్లోకి తెచ్చుకో అంటుంది. ఈ దేశంలో దిగిన తొలి రోజుల్లో ఎవరో ఒకరి ఇంట్లో తలదాచుకున్న మనం ఆ మాట తేలిగ్గా దాటిపోలేం. మన కూటంలో హోటళ్లు, దుకాణాలు నడిపేవాళ్లున్నారు. శుక్రవారం ప్రార్థనకు వచ్చేముందు వంటింట్లో పనిచేసేవాళ్ల జీతం బాకీ లేకుండా ఇచ్చి రమ్మని వాళ్లను అడగాలని ఉంది. ఆ పూట మిగిలిన భోజనం డబ్బు ఫుడ్ బ్యాంకుకు పంపుదామని ఈసారి కూటంలో ప్రతిపాదిస్తాను.