నోటి మాట

మా వీధి చివర టీ బడ్డీ దగ్గర మగవాళ్ళు మాటకి ముందొకటి, వెనకొకటి బూతు చేర్చి మాట్లాడతారు, కావాలనే. వాళ్ళనెవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. నన్ను మాత్రం భూతవైద్యుడి దగ్గరికీ తీసుకెళ్ళారు.

నాకు ఏడో ఏట మెడ విదిలించడం మొదలైంది. 'ఆడపిల్లవి, ఆ వెకిలి చేష్టలేమిటి?' అని అమ్మ తొడపాశం పెట్టేది. పద్నాలుగో ఏట నోట్లోంచి బూతుమాట ఊడిపడ్డాక పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తీసుకెళ్ళడం మానేశారు.

దీన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారని ఇరవయ్యారేళ్ళకు గానీ తెలియలేదు. 1885లో ఫ్రెంచి వైద్యుడు జిల్ దె లా టూరెట్ తొమ్మిదిమంది రోగుల గురించి రాశాడు. వాళ్ళలో అందరూ చెప్పుకునేది ఒక్క దాంపియేర్ అనే గొప్పింటి స్త్రీ గురించే. ఇటార్ అనే వైద్యుడు ఆమె సంగతి 1825లోనే రాశాడు. లోకం అంతగా ఉలిక్కిపడింది ఆ మాటలకా, అవి ఒక దొరసాని నోట రావడానికా అని నా అనుమానం. నిజానికి బూతులు వచ్చేది ఈ స్థితి ఉన్న పదిమందిలో ఒకరిద్దరికే.

తుమ్ముకి ముందు ముక్కులో దురద పుట్టినట్టు ఒంట్లో పుడుతుంది. కాసేపు బిగబట్టగలను. ఆఫీసులో సాయంత్రం దాకా బిగబట్టిందంతా ఇంటికొచ్చాక ఒక్కసారే తన్నుకొస్తుంది. 'అక్కడ ఆపినదానివి ఇక్కడ ఆపలేవా?' అంటాడు మా ఆయన.

రెండు నెలలుగా మా అమ్మాయి ఊరికే కళ్ళార్పుతోంది. అత్తగారు 'నీ పోలికే' అన్నారు. సంగతి అమ్మకి ఫోనులో చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'దాన్నేమీ అనకే' అంది.