ప్రభుత్వం కట్టిన ఊరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. గృహస్థునికి ఆ రెండు పనులలో ఎదురయ్యే ప్రయాస అంతా ఆ చిన్న మాటలో ఇమిడి ఉన్నది. అయితే ఆ సామెత పుట్టిన కాలంలో ఇల్లు కట్టేవాడూ, అందులో కాపురముండేవాడూ ఒక్కడే. పునాదికి ముహూర్తం చూసుకొన్నవాడు, దూలానికి మాను ఎంచుకొన్నవాడు, చివరికి ఆ గడప లోపలే కన్నుమూసేవాడు. ఇల్లు కట్టేది ప్రభుత్వమూ, కాపురముండేది వేరొకరూ అయినప్పుడు ఆ ప్రయాస తొలగిపోతుందా? తొలగిపోదు. కట్టడంలో తప్పిన శ్రమ కుదురుకోవడంలో ఎదురవుతుంది. ఈ సత్యానికి మన దేశపు దక్షిణపు కొసన, గ్రేట్ నికోబార్ దీవిలోని క్యాంప్‌బెల్ బే పరిసర గ్రామాలకంటే మంచి నిదర్శనం దొరకదు.

అండమాన్ నికోబార్ దీవులలో ప్రభుత్వం గృహనిర్మాత కావడం నిన్న మొన్నటి మాట కాదు. 1858లో ఆంగ్లేయులు పోర్ట్ బ్లెయిర్‌లో స్థాపించినది శిక్షితుల వలస. 1906 నాటికి పూర్తయిన సెల్యులార్ జైలులో మనిషికొక గది ఇచ్చారు. మనిషి మనిషిని కలుసుకోరాదన్నదే ఆ ఏర్పాటులోని ఆంతర్యం. స్వాతంత్ర్యానంతరం ఉద్దేశం పూర్తిగా మారినది. 1949 నుండి తూర్పు బెంగాలు నిర్వాసిత కుటుంబాలకు అండమాన్ అడవుల నడుమ భూమి ఇచ్చి ఊళ్ళు నెలకొల్పారు. మొదటిది శిక్ష, రెండవది ఆదరణ. అయినా ఎవరు ఎక్కడ ఉండవలెనో ముందుగా నిర్ణయించినది రెండు సందర్భాలలోనూ ప్రభుత్వపు దస్తావేజే.

గ్రేట్ నికోబార్ పోర్ట్ బ్లెయిర్ నుండి సముద్రమార్గాన దాదాపు 540 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దాని దక్షిణాగ్రమైన ఇందిరా పాయింట్ నుండి సుమత్రా దీవి దగ్గర; చెన్నపట్నం బహుదూరం. మలక్కా జలసంధికి సాగే ఓడల దారి ఆ దీవికి దక్షిణంగానే పోతుంది. దీవి అంతర్భాగంలోని దట్టమైన అడవి షోంపెన్‌లది. 2011 జనాభా లెక్కలలో వారి సంఖ్య 229 మాత్రమే. తీరప్రాంతాలు నికోబారీలవి, కొబ్బరితోట, పందుల పెంపకం, పడవ - ఈ మూడూ వారి జీవనానికి ఆధారాలు. వీరిని ఎవరూ ఎక్కడినుండీ తెచ్చి అక్కడ నిలపలేదు. దీవికీ వారికీ మధ్య దస్తావేజు అవసరం కలుగలేదు.

ఈ దీవి తూర్పు తీరానికి 1969లో మాజీ సైనికుల మొదటి జట్టు చేరినది. సరిహద్దు దీవి జనశూన్యంగా ఉండరాదనీ, ఆయుధం పట్టడం నేర్చినవారే అక్కడ నాగలి పట్టడం మేలనీ ప్రభుత్వం తలచినది. 1980 వరకు విడతలు విడతలుగా సుమారు 330 కుటుంబాలు వచ్చాయి. వారిలో పంజాబువారు ఎక్కువ. మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ మొదలైన రాష్ట్రాలవారూ ఉన్నారు. గోవింద్ నగర్, జోగీందర్ నగర్, విజయ్ నగర్, లక్ష్మీ నగర్, గాంధీ నగర్, శాస్త్రి నగర్ అని ఊళ్ళకు పేర్లు పెట్టారు. మన వైపు ఒక ఊరికి పేరు రావడానికి చెరువో, చింతచెట్టో, గ్రామదేవతో కారణం కావలెను. దానికి కొన్ని తరాలు పట్టవలెను. అక్కడ మొదట పేరు వచ్చినది, తరువాత ఊరు వచ్చినది.

పేరుకు తగిన ఊరు కావడానికి పట్టిన శ్రమ ఏ దస్తావేజులోనూ లేదు. గోధుమ పొలం నుండి వచ్చినవాడు కొబ్బరిని నమ్ముకోవడం నేర్చుకొన్నాడు. రైలు కూత విని పెరిగినవాడు ఓడ వచ్చే దినానికి ఎదురుచూడడం నేర్చుకొన్నాడు. ఆకాశాన్నంటే మాను కొట్టి, మోడు పెకలించి, ఆ చోట వక్కమొక్క నాటిన చేతులకు ఆ నేల అప్పటినుండి పరాయిది కాలేదు. పంజాబీ ఇల్లాలూ, తెలుగు ఇల్లాలూ వచ్చీరాని హిందీలో ఒకరి కష్టసుఖాలు ఒకరు చెప్పుకొన్నారు. గురుద్వారమూ, గుడీ, చర్చీ ఒకే తీరాన వెలిశాయి. బంధువు లేని చోట పొరుగువాడే బంధువు. పురిటికి పిలవవలసినదీ, పాడె మోయడానికి రావలసినదీ అతడే. ప్రభుత్వం ఇచ్చినది స్థలం. దానిని ఊరు చేసినది ఈ ఇచ్చిపుచ్చుకోలు.

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నర వేళ సుమత్రా సమీపాన భూమి కంపించినది. కొద్ది నిమిషాలలోనే నికోబార్ తీరాలపై సముద్రం విరుచుకుపడినది. గ్రేట్ నికోబార్ దక్షిణాగ్రం నాలుగు మీటర్లకు పైగా కుంగినది. నేలమీద నిలిచిన ఇందిరా పాయింట్ దీపస్తంభం అడుగు నీటిలో మునిగినది. గాంధీ నగర్, శాస్త్రి నగర్ గ్రామాలు దెబ్బతిన్నాయి. మూడున్నర దశాబ్దాల కష్టం అలల పాలైనది. దక్షిణ, పశ్చిమ తీరాల నికోబారీ గ్రామాలకు కలిగిన నష్టం అంతకంటె ఘోరమైనది. అక్కడ మనుషులు పోయారు, తోటలు పోయాయి, తీరరేఖే మారిపోయినది. బ్రతికి బయటపడినవారిని క్యాంప్‌బెల్ బే ప్రాంతపు శిబిరాలకు చేర్చారు.

ప్రభుత్వం మరల గృహనిర్మాత అయినది. మొదట రేకుల షెడ్లు వేశారు. వానలో చప్పుడు, ఎండలో సెగ. కొన్నేళ్ళ తరువాత శాశ్వత గృహాలు వచ్చాయి. దీవులన్నింటిలో కలిపి వాటి సంఖ్య 9,000 పైచిలుకు. సామగ్రి ప్రధాన భూభాగం నుండి ఓడలలో వచ్చినది. అంత దూరాన, అంత వానలో అన్ని ఇళ్ళు నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. తలదాచుకోను చోటులేని కుటుంబానికి అది గొప్ప ఉపకారం. ఆ మాట ముందుగా ఒప్పుకొని గాని తక్కిన మాట చెప్పరాదు.

తక్కిన మాట ఏమనగా, ఇళ్ళు లెక్కించడానికి ముందు కుటుంబాలను లెక్కించవలసి వచ్చినది. భార్య, భర్త, పిల్లలు - ఇది ఒక కుటుంబం, దీనికి ఒక ఇల్లు అన్నది లెక్క. కాని నికోబారీల జీవితానికి మూలం పెద్ద ఉమ్మడి కుటుంబం. కార్ నికోబార్‌లో దానిని తుహెత్ అంటారు. భూమి, తోట, పందులు, పండుగ ఖర్చు - అన్నీ దానివే. ఏ ఒక్కడివీ కావు. అన్నదమ్ములు వేరుపడితే గోడ లేవడం తెలుగునాట పాత కథ. నికోబారీలకు గోడలు ముందు వచ్చాయి. వేరుపాటు ఆ గోడల వెంట వచ్చినది. ఆనాటి గుండ్రని తాటాకు ఇల్లు స్తంభాలమీద నిలిచి, దాని కింద నీడలో పదిమందిని కూర్చోబెట్టుకొనేది. వరుసగా నిలిచిన కొత్త ఇళ్ళలో పదిమందీ పది చోట్ల ఉన్నారు.

గ్రేట్ నికోబార్ దక్షిణ తీరపు నికోబారీలకు క్యాంప్‌బెల్ బే దగ్గరి రాజీవ్ నగర్, న్యూ చింగెన్ వంటి చోట్ల ఇళ్ళు లభించాయి. ఆ విధంగా ఒకే తీరాన ఇద్దరు పొరుగువారు ఏర్పడ్డారు. ఒకరు 1969 తరువాత వచ్చి, పిలిచిన ప్రభుత్వాన్ని నమ్మి స్థిరపడినవారు. మరొకరు అనాదిగా అదే దీవిలో ఉండి, అదే దీవిలో నిర్వాసితులైనవారు. మొదటివారికి భూమి దొరికినది. దానిని సొంతం చేసుకొనేందుకు తరువాత ఇంత చెమట పట్టినది. రెండవవారికి ఇల్లు దొరికినది. ఆ ఇంటి చుట్టూ తోట లేదు. తాత నాటిన కొబ్బరి లేదు, పితరులను పూడ్చిన నేల లేదు. కూలికి పోవడం, సరుకు కొనుక్కోవడం ఆ జాతికి కొత్త విద్యలు. తమ పాత గ్రామాలకు తిరిగి పోనీయవలెనని వారు కోరుతూనే వచ్చారు. ఇంటి తాళంచెవి చేతిలో ఉండగా ఇంటికి పోతామని అడిగేవారిని చూసి ఆశ్చర్యపడేవారు, ఇల్లు అన్న మాటకు వారి అర్థమేమిటో అడగనివారే.

ఇంతలో మూడవ నిర్ణయం వచ్చినది. 2022 నవంబరులో ఆ దీవిలో ఒక బృహత్తర పథకానికి పర్యావరణ అనుమతి లభించినది. గలతియా అఖాతంలో ఓడరేవు, గాంధీ నగర్, శాస్త్రి నగర్ ప్రాంతంలో విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, కొత్త పట్టణం అందులోని భాగాలు. 166 చదరపు కిలోమీటర్ల భూమి అందుకు కావలెను. 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి. 2011లో సుమారు 8,000 మంది ఉన్న దీవికి మూడు దశాబ్దాలలో మూడున్నర లక్షల జనాభా రాగలదని ఆ పథకపు అంచనా. ముందుగా ఇచ్చిన సమ్మతి పత్రాన్ని గిరిజన మండలి అదే నవంబరులో వెనక్కు తీసుకొన్నది. తాము తిరిగి పోదలచిన పూర్వగ్రామాల నేల ఆ పథకపు పటంలో ఉన్నదని వారి ఫిర్యాదు. సైనికుల సంతతికి మరొక చింత: తండ్రులు మోడు పెకలించిన నేల విమానాశ్రయం పాలైతే తమకు మిగిలేదేమి?

దేశరక్షణకూ, వర్తకానికీ రేవు అవసరమనేవారి మాటలో బలం లేదని అనరాదు. ఆ దీవి ఉన్న చోటు అటువంటిది; 1969లో సైనికులను పిలిచినదీ ఆ చోటే. అయినా ఈ ఇరుగుపొరుగువారు నేర్పిన పాఠం ఒకటి ఆ పటం గీసేవారికి అక్కరకు రావలెను. సైనికుల కాలనీ ఊరు కాగలిగినది, వారికి నేలా, ఆ నేలతో మెలిగేందుకు కాలమూ రెండూ దొరికినవి గనుక. రాజీవ్ నగర్ ఇంకను మకాముగానే మిగిలినది, ఇల్లు ఇచ్చినవారు ఎక్కడ కావలెనని అడగలేదు గనుక. సునామీకి ముందు అడిగే వ్యవధి ఎవరికీ లేదు. ఓడరేవుకు ముందు ఉన్నది. రాజీవ్ నగర్ ఇంటి మెట్లమీద కూర్చున్న ముసలివాడు దక్షిణంగా చేయి చాపి ఫలానా చోటు మాది అంటే, ఆ చోటు పటంలో ఎక్కడున్నదో అతనికి చూపించి, అతడు చెప్పేది వినడం అన్నిటికంటె ముందు జరుగవలసిన పని.