మూడో నంబరు ప్రెస్ ఆగింది

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఆ షెడ్డులోకి అడుగుపెట్టగానే చెవులు దిమ్మెక్కాయి. రేకు డై మీద పెట్టడం, ప్రెస్ దబ్బున దిగడం, ముక్క డబ్బాలో పడటం. ఫ్యాన్ల విడిభాగాలు చేసే చిన్న కంపెనీ. ఇలాంటి చోట్ల ముందు పోయేది వేళ్లే.

ఇక్కడి ప్రెస్‌లు పెడల్ తొక్కితే దిగవు. ముందు రెండు పచ్చ బటన్లు జానెడు పైన దూరంలో ఉంటాయి, రెండూ ఒకేసారి నొక్కాలి. రెండు చేతులూ బటన్ల మీదుంటే డై కింద పెట్టడానికి మూడో చెయ్యి ఎవరికీ ఉండదు కదా! అయినా ప్రమాదాలు జరిగాయట. ‘‘పీస్ రేటు ఉన్నప్పుడు ఒక బటన్ల చెక్కముక్క ఇరికించేటోళ్లు సార్, పని జల్దీ అయితదని. నెల జీతం చేసినంక బంద్ అయింది’’ అన్నాడు సూపర్‌వైజర్. ఎన్ని భద్రతా పోస్టర్లు అంటించినా రాని మార్పు అది.

యజమాని తన గదిలో ప్రమాదాల రిజిస్టరు ముందు పెట్టారు. పాత పేజీల్లో ‘కారణం’ గడిలో వరసగా ‘కార్మికుడి అజాగ్రత్త’ అనే ఉంది. అలా రాసేస్తే మిషన్ వైపు చూడాల్సిన పని తప్పుతుంది. కొత్త పేజీల్లో మిషన్ నంబరు, డై పేరు, షిఫ్టులో ఎన్నో గంట అన్నవి కూడా రాస్తున్నారు.

ఒకప్పుడు వేలు తెగితే ఈయన గుట్టుగా ప్రైవేటు నర్సింగ్ హోంకి తీసుకెళ్లి, బిల్లు కట్టి, చేతిలో కొంత పెట్టి పంపేవారు. చెబితే అధికారులొస్తారని, ఈఎస్ఐ చందా పెరుగుతుందని భయం. రెండో భయానికి ఆధారమే లేదు. యజమాని వాటా జీతంలో 3.25 శాతం, కార్మికుడిది 0.75. ఏడాదికి ఒక ప్రమాదం జరిగినా పది జరిగినా ఆ శాతం మారదు. వైద్యం ఈఎస్ఐ వాళ్లదే, పనికి రాలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం వాళ్లే ఇస్తారు. పైగా ఈఎస్ఐలో ఉన్న కార్మికుడు అదే గాయానికి యజమాని నుంచి వేరేగా పరిహారం అడగడానికి వీల్లేదు. చందా కడుతూనే బిల్లూ జేబులోంచి కట్టడమంటే ఒకే సరుకును రెండుసార్లు కొనడం.

ఇప్పుడు దెబ్బ తగిలితే 24 గంటల్లోపే ఈఎస్ఐకి రిపోర్టు వెళ్తుంది. కొత్తవాడి పేరు చేరిన రోజే ఎక్కిస్తారు. ప్రమాదం జరిగాక హడావిడిగా నమోదు చేస్తే తేదీలే నిలదీస్తాయి. కాంట్రాక్టర్ తెచ్చిన మనుషుల చలాన్లు చూశాకే అతని బిల్లు పాస్ చేస్తారు. అతను ఎగ్గొడితే చందా భారం అసలు యజమాని మీదే పడుతుంది.

ఆయనకు నిద్రపట్టనిది మరోచోట. ఈఎస్ఐ వేతన పరిమితి రూ.21,000. మంచి ఆపరేటర్‌కి జీతం పెంచితే, ఆ ఆరు నెలల చందా కాలం ముగియగానే అతను ఈఎస్ఐ బయటికొస్తాడు. అందరికన్నా పెద్ద ప్రెస్ మీద ఉండేదీ అతనే. ఇక అతనికి గాయమైతే పరిహారం యజమానే ఇచ్చుకోవాలి. 1923 నాటి పరిహార చట్టం లెక్కలో (అదిప్పుడు సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసింది) చూపుడువేలు పూర్తిగా పోతే 14 శాతం వైకల్యం. జీతం ఎంతున్నా రూ.15,000 వరకే తీసుకుని, అందులో 60 శాతాన్ని నలభై ఏళ్ల మనిషికి 184.17తో హెచ్చవేసి, 14 శాతం తీస్తే రూ.2,32,054. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే పరిహారంలో సగం దాకా పెనాల్టీ. ఆ పెనాల్టీ బీమా కంపెనీ నెత్తిన పడదని 1997లోనే సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. అందుకే జీతం పెంచే కాగితంతోపాటే ఆ మనిషి పేరు బీమా పాలసీలోకీ వెళ్లేలా చేశారు.

వేలి కొస పోయిన పాత ఆపరేటర్ ఒకాయన వెర్నియర్ పట్టుకుని ముక్కలు కొలుస్తున్నాడు. డాక్టర్ ఫిట్ అని రాశాకే తీసుకున్నారట, పాత జీతం మీదే. ‘‘ఈయన పోతే డై సెట్టింగ్ తెలిసినోడు ఎక్కడ దొరకాలె?’’ అని సూపర్‌వైజర్.

రిజిస్టరులో చివరి పద్దులో గాయం లేదు: ‘3వ నంబరు ప్రెస్, కుడి బటన్ విడిచినా వెంటనే పైకి రావట్లేదు.’ ఆ ప్రెస్ ఉదయం నుంచి ఆగి ఉంది. నేనుండగానే సరుకు కోసం కొనుగోలుదారు ఫోన్ చేశాడు. యజమాని రెండు రోజులు గడువడిగారు, అవతల గొంతు పెరిగింది. ఫోన్ పెట్టేసి సూపర్‌వైజర్‌ని పిలిచి, కొత్త బటన్ వచ్చేదాకా దాని స్విచ్‌కి తాళం తియ్యొద్దన్నారు.