గదిలో మిగిలిన రాజ్యము

రాజ్యములు అంతరించిన పిదపను గృహములలో కొంతకాలము జీవించియుండునని, విజయనగర కాలపు వలసలతో వచ్చిన తెలుగును తమిళసీమలో నేటికిని ఇంట మాటలాడుకొను మా రాజపాళయమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2003లో వోల్ఫ్‌గాంగ్ బెకర్ తీసిన ‘గుడ్ బై, లెనిన్!’ చూచుచుండగా నాకీ తలంపే కలిగినది: 1989లో బెర్లిన్ గోడ కూలునప్పుడు స్పృహలేక పడియుండి, పిమ్మట మేలుకొన్న తల్లి గుండె తాళజాలదని, కుమారుడు పాత సీసాలలో కొత్త దోసకాయల ఊరగాయ నింపి, కల్పిత వార్తాప్రసారములు చూపి, గతించిన తూర్పు జర్మనీని ఆమె గదిలో నిలిపినాడు. 2006 నాటి ‘ది లైవ్స్ ఆఫ్ అదర్స్’ మాత్రము, ఆ రాజ్యమే గోడలకు చెవులు పెట్టి పౌరుల పలుకులాలకించిన తీరును చూపి, ఆ మమకారమునకు పగ్గము వేసినది. మొదటిది చూచినవారు రెండవదానినిగూడ చూడవలెను. ప్రేమతో స్మరించుట వేరు, నిర్దోషియని తీర్పుచెప్పుట వేరు.